సంకల్పం ఎక్కడ పని చేస్తుంది?

మనిషి తన మనసును పరిశీలించుకుంటే తన పనుల మీద అతనికి పట్టు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది నేటి ప్రసంగ విషయం. ఈ పట్టుకే తత్త్వశాస్త్రంలో కర్తృత్వం అని పేరు. ఒక పని దానంతట అది జరిగిపోలేదని, తానే చేశానని, చేయకుండా ఉండే వీలు కూడా తనకు ఉండిందని మనిషి చెప్పుకోగలిగితే అక్కడ కర్తృత్వం ఉన్నట్టు. తుమ్ము వస్తే తుమ్మడంలో కర్తృత్వం లేదు. నోటి దాకా వచ్చిన కటువైన మాటను ఆపుకొని మరో మాట అనడంలో ఉంది.

దీని గురించి రెండు అభిప్రాయాలు గట్టిగా వినిపిస్తుంటాయి. ఆత్మపరిశీలన చేసుకున్నవాడు తనను తాను తెలుసుకుంటాడు, తెలుసుకున్నవాడు మారతాడు అన్నది ఒకటి. మెదడు గుట్టు బయటపడిన కొద్దీ మనిషి స్వేచ్ఛ అంతా భ్రమేనని తేలుతోంది అన్నది రెండోది. ఈ రెండింటిలోనూ కొంత నిజం, కొంత తొందరపాటు ఉన్నాయి. మనసు తనను తాను నమ్మదగిన రీతిలో చూడగలిగే చోటు ఒకటి ఉంది. అది చాలా చిన్నది. అయితే సంకల్పం పని చేసేది కూడా దాదాపు అదే చోట. ఈ ప్రసంగంలో చెప్పదలచిన విషయం ఇదొక్కటే.

ఈ ఆలోచనకు ఆధునిక మనస్తత్వశాస్త్రంలో గట్టి పునాది వేసినవాడు అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్. 1842లో న్యూయార్క్‌లో పుట్టిన జేమ్స్ 1869లో హార్వర్డ్‌లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు గాని, వైద్యం చేయలేదు. ఆ రోజుల్లో అతన్ని వెన్నునొప్పి, కంటి బాధ, వాటికి మించి తీవ్రమైన మానసిక కుంగుబాటు పట్టి పీడించాయి. శరీరం ఒక యంత్రమైతే, మనసు ఆ యంత్రం నుంచి లేచే ఆవిరి మాత్రమే అయితే, మనిషి చేసే ప్రయత్నానికి అర్థమేమిటన్న ప్రశ్న అతనికి కేవలం పుస్తకాల ప్రశ్నగా ఉండలేదు. ఆ స్థితిలో అతను ఫ్రెంచి తత్త్వవేత్త షార్ల్ రెనూవియే వ్యాసాలు చదివాడు. 1870 ఏప్రిల్ 30న తన దినచర్య పుస్తకంలో, అక్కడ దొరికిన నిర్వచనాన్ని అంగీకరిస్తున్నట్టు రాసుకున్నాడు. వేరే ఆలోచనలు అందుబాటులో ఉండగా, తాను ఎంచుకున్నందువల్లనే ఒక ఆలోచనను నిలుపుకోగలగడం స్వేచ్ఛాసంకల్పం అన్నది ఆ నిర్వచనం.

శ్రోతలు ఈ నిర్వచనాన్ని కాస్త నిలిచి చూడాలి. ఇందులో కండబలం ఊసు లేదు, పళ్లు బిగించడం లేదు, ప్రతిజ్ఞ లేదు. ఉన్నదల్లా ఒక ఆలోచనను మనసులో నిలపడం. జేమ్స్ 1878లో ఒక ప్రచురణకర్తకు రెండేళ్లలో ఇస్తానని ఒప్పుకున్న పాఠ్యపుస్తకం పన్నెండేళ్లు సాగి, 1890లో రెండు సంపుటాల ‘మనస్తత్వశాస్త్ర సూత్రాలు’గా వెలువడింది. అందులో సంకల్పం గురించిన అధ్యాయంలోనూ ఇదే మాట విస్తరించింది.

ఆ అధ్యాయంలో ఒక ఉదాహరణ ఉంది. ఎముకలు కొరికే చలి, గదిలో నిప్పు లేదు, మనిషి దుప్పటి కింద ఉన్నాడు. లేవాలని తెలుసు. లేవకపోతే ఆ రోజు పనులన్నీ ఆలస్యమవుతాయనీ తెలుసు. తనను తాను తిట్టుకుంటాడు, లేస్తానని గట్టిగా అనుకుంటాడు, అయినా లేవడు. మరి చివరికి ఎలా లేస్తాడు? పోరాడి, గెలిచి లేవడం అరుదు. ఏదో ఒక క్షణంలో చలి సంగతి, వెచ్చదనం సంగతి మరుపున పడి, ఆ రోజు చేయవలసిన పని ఏదో మనసులో మెదులుతుంది. ఆ తలపుకు ఆ క్షణంలో ఎదురు చెప్పే తలపు లేదు. అంతే, కాళ్లు నేల మీద ఉంటాయి. తానెప్పుడు లేచాడో అతనికే స్పష్టంగా తెలియదు.

జేమ్స్ ఇందులోంచి తీసిన సూత్రం ఇది. మనసులో నిలిచిన తలపు, దానికి అడ్డుపడే మరో తలపు లేనప్పుడు, తనంతట తానే పనిగా మారుతుంది. కాబట్టి సంకల్పం శరీరాన్ని తోసే శక్తి కాదు. ఏ తలపు మనసు ముందు నిలవాలో నిర్ణయించే అవధానం, అంటే ఒక దాని మీదే దృష్టిని నిలిపే శక్తి. జేమ్స్ తన మంచాన్ని, తన బద్ధకాన్ని జాగ్రత్తగా చూసుకోకపోతే ఈ సూత్రం దొరికేది కాదు. అనుభవ పరిశీలన కర్తృత్వానికి ఉపయోగపడిన తీరుకు ఇది మంచి నమూనా. లేవలేకపోవడం గుణలోపమని అనుకున్నంత కాలం మనిషి తనను తిట్టుకుంటూనే ఉంటాడు; అది తలపుల మధ్య పోటీ అని తెలిసిన రోజున, ఏ తలపుకు చోటివ్వాలో ఆలోచించడం మొదలుపెడతాడు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. మనసు తన గురించి తాను చెప్పే సాక్ష్యాన్ని నమ్మవచ్చా? 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల తెరిచిన నాటి నుంచి ఈ ప్రశ్న మనస్తత్వశాస్త్రాన్ని వదలలేదు. అంతఃపరిశీలన, అంటే లోపల జరిగేదాన్ని తానే చూసి చెప్పడం, ఒక్కో ప్రయోగశాలలో ఒక్కో ఫలితాన్నిచ్చింది. ఎవరిది ఒప్పో తేల్చే దారి కనబడలేదు. విసిగిపోయిన అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ 1913లో, మనస్తత్వశాస్త్రానికి మనసుతో పనే లేదని, బయటికి కనిపించే ప్రవర్తనే చాలని ప్రకటించాడు. ప్రవర్తనావాదం అని పేరొందిన ఆ ధోరణి అమెరికాలో దశాబ్దాలపాటు రాజ్యమేలింది. రోగం కుదర్చలేక రోగినే బయటికి పంపినట్టయింది గాని, వాట్సన్ విసుగులో న్యాయం లేకపోలేదు.

ఆ న్యాయం ఎంతటిదో 1977లో మనస్తత్వవేత్తలు రిచర్డ్ నిస్‌బెట్, తిమోతీ విల్సన్ ప్రచురించిన వ్యాసం చూపింది. వారి ప్రయోగాల్లో ఒకటి దుకాణంలో జరిగింది. నాలుగు జతల నైలాన్ మేజోళ్లను బల్ల మీద వరుసగా పెట్టి, వాటిలో నాణ్యమైనది ఏదో చెప్పమని కొనుగోలుదారులను అడిగారు. నాలుగూ ఒకే రకం మేజోళ్లు, వాటిలో తేడా ఏమీ లేదు. అయినా ఎడమ చివర ఉన్నదాన్ని 12 శాతం మంది, కుడి చివర ఉన్నదాన్ని 40 శాతం మంది ఎంచుకున్నారు. అంటే ఎంపికను నడిపించింది వస్తువు ఉన్న స్థానం. కారణం అడిగితే మాత్రం అల్లిక బాగుందని, నునుపు బాగుందని చెప్పారు. స్థానం మాట ఒక్కరూ ఎత్తలేదు. స్థానం ప్రభావం ఏమైనా ఉందా అని సూటిగా అడిగితే దాదాపు అందరూ కాదన్నారు. కొందరైతే అడిగినవారి వంక వింతగా చూశారు.

వారిలో అబద్ధం చెప్పినవారు లేరు. తమ ఎంపికకు కారణం వారికి తెలియదు. తెలియని చోట, లోకంలో అందరికీ సబబుగా తోచే కారణాన్ని అల్లి చెప్పారు, చెప్పి నమ్మారు కూడా. చీరల దుకాణంలో కొంగు అందం గురించి అరగంట వాదించే ఇంట్లో ఈ సంగతి చెబితే ఎవరూ ఒప్పుకోరు. ఆ మేజోళ్లు ఎంచుకున్నవారూ ఒప్పుకోలేదు.

అంతఃపరిశీలన దీనితో పూర్తిగా ఓడిపోయినట్టేనా? 1980లో మనస్తత్వవేత్త ఆండర్స్ ఎరిక్సన్, ఆర్థికశాస్త్రంలో 1978 నోబెల్ పొందిన హెర్బర్ట్ సైమన్ కలిసి ప్రచురించిన వ్యాసం ఇక్కడ ఒక గీత గీసింది. మనిషిని ఒక పని ఎందుకు చేశావని అడిగితే, అతను ఊహించి చెబుతాడు. ఇప్పుడు నీ మనసు ముందు ఏముందో పైకి చెప్పు అని, పని నడుస్తుండగానే అడిగితే, అతను చూసి చెబుతాడు. లెక్క చేస్తున్న పిల్లవాడు తన తలపులను పైకి అంటూ చేస్తే, ఆ మాటలు అతను లెక్క చేసే తీరుకు చక్కగా సరిపోతాయి. ఏముంది అన్న ప్రశ్నకు మనసు మంచి సాక్షి. ఎందుకు అన్న ప్రశ్నకు చెడ్డ సాక్షి. ఈ ప్రసంగానికంతటికీ కీలకం ఇదే గనక మరోసారి: ఏముంది అంటే మనసు చూసి చెబుతుంది, ఎందుకు అంటే అల్లి చెబుతుంది.

ఏముందో చూడటం కూడా అనుకున్నంత సులువేమీ కాదు. అమెరికాలో రస్సెల్ హర్ల్‌బర్ట్ అనే మనస్తత్వవేత్త 1970ల నుంచి ఒక పద్ధతి అనుసరిస్తున్నాడు. మనుషుల చేతికి చిన్న బీపర్ ఇస్తాడు. అది రోజులో ఎప్పుడు మోగుతుందో ఎవరికీ తెలియదు. మోగగానే, దానికి సరిగ్గా ముందు క్షణంలో మనసులో ఏముందో రాసుకోవాలి. తరువాత ఆ రాతల గురించి ఓపికగా ప్రశ్నలు వేస్తారు. తమ లోపల ఎప్పుడూ మాటలే నడుస్తుంటాయని ముందు ధీమాగా చెప్పిన కొందరు, తీరా తమ రాతలే చూసుకుంటే అందులో మాటలు బహు తక్కువగా కనిపించి విస్తుపోయారు. తన మనసు సాధారణంగా ఎలా ఉంటుందన్న సిద్ధాంతం వేరు, ఈ క్షణంలో ఎలా ఉందన్న పరిశీలన వేరు. రెండోది నేర్చుకుంటే వస్తుంది.

ఈ తేడాను పాలి సూత్రాలు ఎప్పుడో పట్టుకున్నాయి. మజ్ఝిమ నికాయంలోని సతిపట్ఠాన సుత్తంలో చిత్తాన్ని గమనించడం గురించిన భాగం ఉంది. రాగం ఉన్న చిత్తాన్ని రాగం ఉన్న చిత్తంగా, ద్వేషం ఉన్న చిత్తాన్ని ద్వేషం ఉన్న చిత్తంగా ఎరగడమే అక్కడి సాధన. రాగం ఎందుకు వచ్చిందని అక్కడ ఆరా తీయరు. నిస్‌బెట్ ప్రయోగం తరువాత ఈ పొదుపు వెనుక ఎంత వివేకం ఉందో తెలుస్తుంది.

సంకల్పం పని చేసేది అవధానంలో అని జేమ్స్ చెప్పాడు. మనసు నమ్మదగిన సాక్ష్యం చెప్పేది అవధానం ముందు ఉన్నదాని గురించే అని తరువాతి పరిశోధన చూపింది. రెండూ ఒకే చోటికి చేరాయి. లోపలి కారణాలన్నీ తవ్వి తీస్తే తప్ప మారలేమనుకునే మనిషి, తాను చూడలేని చోట వెతుకుతున్నాడు. చూడగలిగిన చోటే మార్చగలిగిన చోటు కూడా.

మెదడు పరిశోధన ఈ వాదాన్ని కొట్టేసిందని కొందరంటారు. వారు చూపేది 1983లో మెదడు పరిశోధకుడు బెంజమిన్ లిబెట్ ప్రచురించిన ప్రయోగం. అందులో పాల్గొన్నవారికి మనసు పుట్టినప్పుడు మణికట్టు కదపమని, కదపాలనిపించిన క్షణాన్ని ఎదురుగా తిరుగుతున్న గడియారపు చుక్కను బట్టి గుర్తుపెట్టుకోమని చెప్పారు. కదలికకు దాదాపు అర సెకను ముందే మెదడులో ఒక విద్యుత్ సంకేతం మెల్లగా లేవడం మొదలైంది. కదపాలనిపించిందని మనిషి చెప్పిన క్షణం మాత్రం కదలికకు సెకనులో అయిదో వంతు ముందు. అంటే మెదడు ముందే నిర్ణయించింది, మనిషికి ఆలస్యంగా తెలిసింది అన్న వ్యాఖ్యానం బయలుదేరింది. లిబెట్ అంత దూరం పోలేదు. పుట్టిన ప్రేరణను చివరి క్షణంలో ఆపే అధికారం ఎరుకకు ఉందని అతని నమ్మకం. 2012లో ఆరన్ షర్గర్, అతని సహచరులు మరో వివరణ ఇచ్చారు. ఆ సంకేతం తీసుకున్న నిర్ణయానికి గుర్తు కాకపోవచ్చు, మెదడులో సహజంగా ఉండే ఎగుడుదిగుళ్లు పేరుకుని ఒక గీతను దాటిన తీరు కావచ్చు అన్నారు. ఏ వివరణ నిలిచినా, కారణం లేకుండా మణికట్టు కదపడం మనిషి బతుకులో ఎంచుకునే పనులకు బలహీనమైన నమూనా. ఉద్యోగం వదలాలా, అప్పు తీసుకోవాలా, తగాదా పెంచాలా వంటి నిర్ణయాలు అర సెకనులో పుట్టవు. రోజుల తరబడి ఏ తలపు మళ్లీ మళ్లీ మనసు ముందుకు వస్తే ఆ వైపు మొగ్గుతాయి.

స్వేచ్ఛ భ్రమ అన్న మాట వింటేనే మనిషి చెడిపోతాడన్న భయమూ ఉంది. స్వేచ్ఛ భ్రమ అని చదివినవారు ఆ వెంటనే పరీక్షలో ఎక్కువ మోసం చేశారని 2008లో ఒక ప్రయోగం చెప్పింది. పత్రికలు దాన్ని బాగా చాటాయి. మళ్లీ చేసి చూసినవారికి ఆ ఫలితం నిలకడగా రాలేదు. మనసు గురించిన ప్రతి వార్తా మనిషిని వెంటనే మార్చేస్తుందన్న భయం అవసరం లేదు, ఆశా అవసరం లేదు.

అవధానాన్ని నిలుపుకోవడం ఆచరణలో ఎలా ఉంటుందో తెలుగువారికి అష్టావధాన సభను మించి చూపే చోటు లేదు. అవధాని చుట్టూ ప్రశ్నలడిగే పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరితో అడుగడుగునా అక్షరాలు కట్టేస్తారు. ఇవి చాలనట్టు అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు సమయం సందర్భం లేని ప్రశ్నలతో మధ్యలో దూరుతాడు. అతని పనే అవధాని దృష్టిని చెదరగొట్టడం. అవధాని అతని నోరు మూయించడు, చెవులు మూసుకోడు. చమత్కారంగా బదులు చెబుతాడు, సభ నవ్వుతుంది, మరుక్షణం ఆగిన పద్యపాదం దగ్గరికి తిరిగి వస్తాడు. చెదరకుండా ఉండటం కాదు, చెదిరాక తిరిగి రావడం అక్కడ విద్య. చెదిరిన అవధానాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి తెచ్చుకునే శక్తే వివేచనకు, శీలానికి, సంకల్పానికి మూలమని జేమ్స్ కూడా భావించాడు. అయితే దాన్ని నేర్పడం ఎలాగో చెప్పడం కష్టమని అతనే ఒప్పుకున్నాడు.

తరువాతి పరిశోధకులు ఆ లోటును కొంత తీర్చారు. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గాల్‌విట్జర్ రెండు రకాల సంకల్పాలను విడదీశాడు. చదవాలి, నడవాలి, పొదుపు చేయాలి అనుకోవడం లక్ష్య సంకల్పం. ఫలానా సందర్భం ఎదురైతే ఫలానా పని చేస్తాను అనుకోవడం అమలు సంకల్పం. అతని ఒక అధ్యయనంలో విద్యార్థులు క్రిస్మస్ ముందు రాత్రి ఎలా గడిపారో రెండు రోజుల్లోపు రాసి పంపాలి. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకున్నవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది పంపారు. అలా నిర్ణయించుకోనివారిలో మూడో వంతు మందే పంపారు. 2006లో 94 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా ఈ చిన్న మార్పు గణనీయమైన ఫలితమే ఇస్తోందని తేలింది.

అయితే ‘ఫలానా సందర్భం’ ఏదో తెలియాలంటే మనిషి ముందు తన అనుభవాన్ని చూసుకుని ఉండాలి. రాత్రి చదువుకునే విద్యార్థిని ఇక్కడ తలచుకోవచ్చు. పుస్తకం తెరిచి ఉంది, పక్కన ఫోన్ ఉంది. కాసేపటికి ఫోన్ చేతిలో ఉంటుంది. ఎందుకు తీశావంటే క్రమశిక్షణ లేదంటాడు, లేదా వ్యసనమైపోయిందంటాడు. రెండూ అల్లినవే. చెయ్యి ఫోన్ వైపు పోయే ముందు మనసులో ఏముందో నాలుగు రాత్రులు గమనిస్తే వేరే సంగతి బయటపడవచ్చు. పాఠంలో అర్థం కాని వాక్యం ఒకటి వచ్చినప్పుడల్లా గుండెలో చిన్న బరువు, ఆ వెంటనే చెయ్యి కదలడం. అతని శత్రువు ఫోన్ కాదు, అర్థం కాని వాక్యం. ఇక అతని అమలు సంకల్పం సులువు: వాక్యం అర్థం కాకపోతే దాన్ని చిత్తు కాగితం మీదికి ఎక్కించి తరువాతి పేరాకు పోవాలి. ఏముందో చూస్తే చేయదగిన పని దొరికింది. ఎందుకు అని తవ్వితే తిట్టు మాత్రమే దొరికేది.

వ్యసనాల చికిత్సలో పేరుపొందిన అలన్ మార్లాట్ కూడా ఈ దారిలోనే నడిచాడు. సిగరెట్టు కోసమో, మద్యం కోసమో పుట్టే తహతహతో పోట్లాడకుండా, అది శరీరంలో ఎక్కడ మొదలైంది, ఎలా పెరిగింది, ఎలా తగ్గింది అని చూడటం అతను నేర్పాడు. తీర్చకపోతే అది పెరుగుతూనే పోతుందని మనిషి భయం. చూస్తూ ఉంటే అది తారస్థాయికి చేరి దిగిపోతుందని అనుభవానికి వస్తుంది. ఒకసారి అనుభవానికి వచ్చాక తరువాతిసారి తహతహ అంత పెద్ద బెదిరింపుగా కనిపించదు.

దీనికి హద్దులు ఉన్నాయి. అన్నీ అవధానంలోనే ఉన్నాయంటే ఆకలితో, అప్పుతో, జబ్బుతో ఉన్నవాడిని నిందించడమే అవుతుంది. దృష్టిని లాగి పట్టుకోవడమే వ్యాపారంగా పెట్టుకున్న సంస్థలు ఫోన్‌ను తీర్చిదిద్దుతున్నప్పుడు, తప్పంతా విద్యార్థి సంకల్పానిదే అనడం అన్యాయం. తీవ్రమైన కుంగుబాటులో అవధానమే దెబ్బతింటుంది. ఆ మనిషికి కావలసింది వైద్యుడు, ఉపదేశం కాదు. 1870లో దినచర్యలో రాసుకున్న నిర్ణయం జేమ్స్‌ను కూడా మర్నాటికి స్వస్థుణ్ని చేయలేదు. 1873లో హార్వర్డ్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక, రోజువారీ పని, తరువాత కుటుంబం తోడై, అతను మెల్లగా కోలుకున్నాడు. ఆ తరువాత కూడా అనారోగ్యం అతన్ని పూర్తిగా వదల్లేదు.

ఇంకొక హద్దు ఉంది. కెనడా తత్త్వవేత్త ఇయన్ హాకింగ్ దీన్ని 1990లలో వివరించాడు. రాయికి ఏ పేరు పెట్టినా రాయి మారదు. మనిషికి పేరు పెడితే మనిషి ఆ పేరుకు తగ్గట్టు మారతాడు, లేదా దానికి ఎదురు తిరిగి మారతాడు, అప్పుడు ఆ పేరు అర్థమూ మారుతుంది. అందుకే మనసును పరిశీలించడం రాళ్లను పరిశీలించడం వంటిది కాదు. సోమరి అని పేరు పడిన పిల్లవాడు తన ప్రతి ఆలస్యాన్నీ ఆ పేరుతోనే చదువుకుంటాడు. కారణం దొరికేసింది గనక ఇక చూడడు.

జేమ్స్ 1890లలో ఉపాధ్యాయులకు ఇచ్చిన ఉపన్యాసాలు 1899లో పుస్తకంగా వచ్చాయి. మనస్తత్వశాస్త్రం చదివితే బోధనా పద్ధతి దానంతట అదే పుట్టుకొస్తుందనుకోవద్దని అతను అందులో ముందే హెచ్చరించాడు. శాస్త్రం పద్ధతిని ఇవ్వదు, ఎక్కడ చూడాలో చెబుతుంది. తెలుగు ఇళ్లలో పిల్లలను ఎక్కువగా అడిగే ప్రశ్న ‘ఎందుకు చదవవు?’ అన్నది. పిల్లవాడి దగ్గర దానికి జవాబు లేదు, పెద్దలు అదే ప్రశ్న అడిగితే పెద్దల దగ్గరా ఉండదు. ‘పుస్తకం మూసే ముందు నీకేం అనిపించింది?’ అని అడిగితే మొదటి రెండుసార్లు తెలియదనే అంటాడు. మూడోసారో నాలుగోసారో, మూడో లెక్క రాలేదనో, టీచర్ రేపు నిలబెడుతుందని భయమేసిందనో, ఆకలేసిందనో చెబుతాడు. ఆ మూడింటికీ మూడు వేరు వేరు పనులు చేయవలసి ఉంటుంది.